నా పేరు, నా గొంతు, ఇరవై నాలుగు మాటల తాళం

జంషెడ్‌పూర్, సీతారాండేరాలో కాపురముంటున్న పొట్నూరు ఉమామహేశ్వరి, కీర్తిశేషులు సూర్యం గారి భార్య, వయసు అరవై ఒకటి, అనే నేను నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. మతి స్థిమితంగా ఉంది. అక్షరాలు వంకర పోతున్నాయంటే అది గుండె వాల్వు వల్ల, బుద్ధి వల్ల కాదు. వచ్చే బుధవారం ఆపరేషన్. ఇది రాయమని నన్నెవరూ తొందరపెట్టలేదు. పైగా మా అమ్మాయి కల్యాణి "మమ్మీ, అభీ యే సబ్ క్యోఁ?" అని, ఇప్పుడివన్నీ ఎందుకంటూ పెన్ను లాక్కోబోయింది. ఇంతకుముందు నేను రాసిన వీలునామా లేదు. ఉందని ఎవరైనా కాగితం తెస్తే చెల్లదు. నా గొంతుతో ఫోనులో వినిపించినా చెల్లదు. ఆ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో మూడో అంశంలో ఉంది.

1. నేనుంటున్న రెండు గదుల ఇంటి మీద నాకున్న సర్వహక్కులు, ఇంట్లోని సామానుతో సహా, నా తదనంతరం నా ఏకైక కుమార్తె కల్యాణికి చెందవలసినది. దీని మీద ఎవరికీ పేచీ లేదు కనక ఇంతటితో చాలు.

2. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత అర్పితకు అప్పగిస్తున్నాను. అర్పిత, ఇచ్ఛాపురం నుంచి వచ్చి స్థిరపడిన సీతారామరావు గారి అమ్మాయి, కాసిడీహ్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతుంది. కల్యాణికి కోపం రావచ్చు. కల్యాణీ, నువ్వు బీరువా మీది కంప్యూటర్ పెట్టె ఎదురుగా రెండు నిమిషాలు కూర్చోలేవు. అందుకే.

3. గమ్హరియాలో ఒక కార్ఖానాలో ఇరవై ఏడేళ్లు టెలిఫోన్ బోర్డు చూశాను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఒక పెద్ద కంపెనీవాళ్ల సైటులో "ఉమత్త కబుర్లు" అని పేజీ పెట్టి, రోజూ మన శ్రీకాకుళం యాసలో నాలుగు ముక్కలు మాట్లాడేదాన్ని. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు, కనీసం చెవినన్నా పడుతుందని. నాలుగు వేలమంది చేరారు. 2023 ఫిబ్రవరిలో ఎవడో ఆ పేజీ పాస్‌వర్డ్ మార్చేశాడు. ఫోటో నాదే, పేరు నాదే, లోపలి మనిషి వేరు. నెల తిరక్కుండా నా గొంతును కంప్యూటర్‌లో తయారుచేసి, "గమ్హరియాలో కాంట్రాక్టు పన్లున్నాయి, మీ పిల్లల ఆధార్ కార్డులు పంపండర్రా, నాను సూసుకుంతాను" అని పలికించాడు. విన్నాను. చివర్లో నేను తీసే దీర్ఘం కూడా ఉంది.

ఆ సైటు కంపెనీకి నా ఆధార్ కార్డు ఏడుసార్లు పంపాను. ఏడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది: మీరు మీరేనని నిర్ధారించలేకపోయాము. అవతల మనిషన్నవాడు లేడు. బోర్డు దగ్గర అంతకాలం పనిచేసి కూడా అలాంటి లైను నేను చూడలేదు.

ఆ పేజీ ఇప్పటికీ నడుస్తోంది. నా చేతిలో లేనిదాన్ని ఎవరికీ రాసివ్వలేను. అందులో మాట్లాడుతున్నది నేను కానని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. దాన్ని మూయించమని కల్యాణి ఏటేటా అడుగుతూనే ఉండాలి. విసుగొచ్చినా సరే.

4. చెక్క బీరువా మీద, రెండు డిస్కులతో, టిఫిన్ డబ్బా అంత ఉన్న కంప్యూటర్ గురించి. అది 2023 ఆగస్టులో అర్పిత పెట్టింది. "అత్తా, ఒకే యజమాని లేని సైట్లున్నాయి. ఎవరి పెట్టె వాళ్లింట్లో ఉంటుంది, పెట్టెలన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇక్కడ నచ్చకపోతే నీ పేరు, నీ మాటలు, నీ స్నేహితుల్ని మూటగట్టుకుని ఇంకో పెట్టెకి పోవచ్చు" అంది. దానికి "మన వీధి" అని పేరు పెట్టాం. ఖరగ్‌పూర్‌లో ఒక రైల్వే ఆయన పెట్టెతోనూ, బరంపురంలో ఒక కాలేజీవాళ్ల పెట్టెతోనూ కలిపాం. సీతారాండేరాలో ఇంటింటికీ తిరిగి చేర్పించాను. నూట నలభై మూడు కుటుంబాలు. ఇక్కడ పెట్టింది ఎవడూ తీసెయ్యలేడని అందరికీ చెప్పింది నేనే.

ఈ పెట్టె కల్యాణిది కాదు. ఒకటో అంశంలోని సామానులో ఇది రాదు. దీని తాళం సంగతి ఏడో అంశంలో ఉంది.

(ఇక్కడ లేచాను. పెట్టె దీపం వెలుగుతోందో లేదో చూసొచ్చాను. పొద్దుట్నించి ఇది నాలుగోసారి.)

5. నా భర్త సూర్యం గారి పేజీ కూడా ఆ పెద్ద సైటులో ఉంది. ఆయన పోయి ఆరేళ్లు. ప్రతి పుట్టినరోజుకీ సైటు అందరికీ గుర్తుచేస్తుంది, "సూర్యం భయ్యా, పార్టీ కబ్?" అని, పార్టీ ఎప్పుడని రాస్తారు. మూసేద్దామంటే పాస్‌వర్డ్ తెలీదు. నా పేరుతో చూశాను. కూతురి పేరుతో చూశాను. స్టీలు ప్లాంటులో ఆయన పనిచేసిన ఫర్నేస్ నంబరుతో చూశాను. ముప్ఫై ఏళ్ల కాపురం, తెరుచుకోలేదు. నా మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు ఆయనదీ పంపి ఆ పేజీ మూయించే పని అర్పితది.

6. ఇది ఆస్తి కాదు, అయినా ఇక్కడే రాయాలి.

మా వెనకింటి పైడమ్మ, భర్త అప్పలరాజు. ఆయన పక్షవాతంతో మాట పోగొట్టుకున్నాడు. అంతకుముందు డ్యూటీ నుంచి పంపిన వాయిస్ మెసేజీలు, "పైడీ, వత్తన్నా, పొయ్యి మీద నీళ్లెట్టు" లాంటివి, ముప్ఫై దాకా ఆమె ఫోనులో ఉండేవి. ఫోను పోతే అవి పోతాయని నేనే భయపెట్టి "మన వీధి"లో దాయించాను. తర్వాత ఆమె ఫోను టాటానగర్ స్టేషన్‌లో నిజంగానే పోయింది. మంచి పని చేశానని మురిసిపోయాను.

వాళ్ల కొడుకు అమర్ ఆధార్ కార్డును ఆ దొంగ గొంతు నమ్మి పైడమ్మ అంతకుముందే పంపి ఉంది. 2024లో ఆ కార్డు మీద ఎవరో సిమ్ములు తీసి మోసాలు చేశారని బయటపడింది. అమర్‌ని మూడు రోజులు పోలీస్ స్టేషన్‌కి తిప్పారు. అతని తప్పు లేదని తేలింది కానీ ఈలోగా అతను పనిచేసే చోట కాంట్రాక్టరు గేటు పాసు తీసేసుకున్నాడు, పని పోయింది. పైడమ్మ "మన వీధి"లో అందరూ వినేట్టు చెప్పింది: "మావోడి పాసు పోయింది ఉమ వల్లే. ఆ గొంతు దానిది కాదంతంది. మరెవులిదట?"

మధ్యాహ్నం, అన్నం తింటున్నాను. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా లేచాను. ఆమె ఖాతా తీశాను. తొలగించాలా అని పెట్టె అడిగింది. ఔనన్నాను. శాశ్వతంగానా అని అడిగింది. ఔనన్నాను. రెండో డిస్కు మొదటిదానికి ఎప్పటికప్పుడు నకలు, అందులోంచీ పోయాయి. అప్పలరాజు గొంతు ఆ ఖాతాలోనే ఉందని నాకు గుర్తు లేదని ఏడాదిపాటు అందరితో అన్నాను. గుర్తుంది. తెలిసే చేశాను.

సాయంత్రం పైడమ్మ వచ్చింది. గుమ్మం దాటలేదు. "ఆ కంపెనీవోడు నీకేటి సేసినాడో నువ్వు నాకదే సేసినావు. ఆడికి నువ్వు తెలీదు. నాను నీకు తెలుసు" అని వెళ్లిపోయింది.

అర్పిత వారం రోజులు డిస్కులతో కుస్తీ పట్టింది. ఏమీ రాలేదు. ఎప్పుడో పైడమ్మ కల్యాణికి పంపిన ఒక్క ముక్క కల్యాణి ఫోనులో దొరికింది, పదకొండు సెకండ్లు. తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకుంది. అది ఆమె సొత్తు, నా బహుమతుల్లో రాయడానికి నాకు హక్కు లేదు.

7. "మన వీధి" తాళం అంటే ఇరవై నాలుగు మాటలు, వరసగా. అవి ఇన్నాళ్లూ నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. అదే అసలు తప్పు. మూడు కాగితాల మీద రాశాను. మొదటిదాంట్లో ఒకటి నుంచి పదహారు దాకా. రెండోదాంట్లో తొమ్మిది నుంచి ఇరవై నాలుగు దాకా. మూడోదాంట్లో మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది. ఏ ఇద్దరు కలిసినా తాళం తెరుచుకుంటుంది, ఏ ఒక్కరికీ తెరుచుకోదు.

మొదటిది కల్యాణికి. రెండోది అర్పితకు. మూడోది మా మరిది వెంకటరావుకి.

వెంకటరావూ, తెల్లబోకు. తెలుగు సంఘం ఎన్నికల ముందు వచ్చి "వదినా, మన వీధిలో చేరినోళ్ల పేర్లూ నంబర్లూ ఇచ్చెయ్, మనోళ్లే కదా" అన్నావు. ఇవ్వలేదని రెండేళ్లుగా మా గడప తొక్కలేదు. మరిది వరస అడ్డం పెట్టుకుని నువ్వు అడిగిన తీరు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. అయినా నా మీద గుర్రుగా ఉన్నవాడి చేతిలో ఒక కాగితం ఉండాలి. అందరూ నావాళ్లే అయితే నేను చేసిందే వాళ్లూ చేస్తారు. నీకు పెట్టె తెరవాలనుంటే ఆ ఇద్దరిలో ఒకర్ని ఒప్పించాలి. ఒప్పించి చూడు.

ఎవరి ఖాతా అయినా తీసెయ్యాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, ముప్ఫై రోజులు ఆగాలి, వాళ్ల సామాను వాళ్ల చేతికిచ్చాకే తియ్యాలి.

8. నా గొంతు ఎవరికీ రాసివ్వడం లేదు. నేను మాట్లాడిన మూడొందల పన్నెండు రికార్డులు పెట్టెలో ఉన్నాయి, ఎవరైనా వినొచ్చు, పట్టుకెళ్లొచ్చు. నేను అననిది మాత్రం నా గొంతులో ఒక్క ముక్క వినపడకూడదు. కల్యాణీ, ఎప్పుడో ఒకనాడు నీకు ఆశ పుడుతుంది, అమ్మ పలికితే బాగుండునని. ఇప్పుడు అది చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. చేయించకు. నేను వద్దన్నానని నా మీద నీకు కోపమొచ్చినా చేయించకు.

9. బోర్డు దగ్గర నేను వాడిన హెడ్‌ఫోను, స్పాంజి చిరిగింది, అర్పిత రెండుసార్లు అడిగింది, అర్పితకే. నంబర్లు రాసుకున్న నా పాత డైరీ కల్యాణికి. తొంభై మూడో పేజీలో ఎర్ర ఇంకుతో ఉన్నది నువ్వు పుట్టిన ఆసుపత్రి వార్డు ఫోను నంబరు. ఆ రోజు మీ నాన్నకి లైను నేనే కలుపుకున్నాను, వార్డు నుంచి మా బోర్డుకి, బోర్డు నుంచి ఫర్నేసుకి.

10. నేను పోతే "మన వీధి"లో ఆ కబురు కల్యాణి తన గొంతుతో చెప్పాలి, తెలుగులో, తప్పులొచ్చినా. తొంభై రోజులు అందరికీ గడువివ్వాలి. ఉండేవాళ్లు ఉంటారు, మూట కట్టుకునేవాళ్లు కట్టుకుంటారు. నడిపే ఓపిక ఎవరికీ లేకపోతే మూసెయ్యండి. నా జ్ఞాపకార్థం అంటూ మాత్రం నడపొద్దు.

దిద్దుబాటు: ఆరో అంశంలో ఒకచోట కొట్టివేత ఉంది. అది నేను కొట్టిందే. అక్కడ మొదట "తెలియక జరిగింది" అని రాశాను. సాక్షిగా రమ్మని కబురు పెడితే పైడమ్మ వచ్చింది, ఏడాది తర్వాత మొదటిసారి లోపలికి. ఇంకో సాక్షి సుధారాణి టీచరు చేత మొత్తం చదివించుకుని వింది. "తెలీక అని రాత్తే నాను ఏలు ఎయ్యను" అని లేవబోయింది. కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఉన్నది ఆమె ఎదుటే రాశాను.

తేదీ: 14 నవంబరు 2025, శుక్రవారం
స్థలం: సీతారాండేరా, జంషెడ్‌పూర్

(సంతకం) పొట్నూరు ఉమామహేశ్వరి

సాక్షులు, ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు, నా ఎదుట:

1. సుధారాణి, స్కూలు టీచరు, కాసిడీహ్. (సంతకం)

2. పైడమ్మ, భర్త అప్పలరాజు, సీతారాండేరా. ఎడమ చేతి బొటనవేలి ముద్ర. ముద్ర పక్కన ఈ మాట రాయమంది, రాశాను: ఇన్నాను. నిజమే రాసింది. నాను ఇంకా చమించలేదు.