ఒడ్డు పోల్

నవంబర్ 3, సోమవారం

మళ్లీ నెట్ జామ్. రొయ్యల చెరువుల వాళ్లు వరసగా ఫోన్లు చేశారు. కెమెరాలు ఆగిపోయాయట. అల్లూరులోని ఈ చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో ఫోన్ ఎత్తి సారీ చెప్పేది నేనే. ఓనర్ గిరిబాబు గారు కారణం కనిపెట్టమన్నారు. కాన్వెంట్‌లో సారీ ఒక్కటే నేర్పించినారా అని ఎగతాళి కూడా.

నవంబర్ 5

ట్రాఫిక్ అంతా ఒక్క వైఫై పోల్ నుంచే. పట్టపుపాలెం సముద్రపు ఒడ్డున ఉన్నది. జామ్ ఒకరోజు పొద్దున, ఒకరోజు మధ్యాహ్నం. కుర్రాళ్లు సినిమాలు దించుతున్నారని గిరిబాబు గారి అనుమానం. వైరస్ అని నాది. శనివారం ఆ లైన్ పీకేస్తారట.

అది మా ఊరని చెప్పలేదు.

నవంబర్ 6

స్కాన్ చేసి చూశాను. వైరస్ కాదు.

నవంబర్ 7, శుక్రవారం

మా పాలెం అంకాలమ్మవ్వ చనిపోయింది. ఊరికి వచ్చాను.

హాస్టల్ సెలవుల్లో అవ్వ పక్కన ఇసుకలో కూర్చుని కథల పుస్తకాలు చదివేదాన్ని. ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరాన చుక్కంత పడవను చూసి ఎవరిదో చెప్పేది. ఆ ఇంటి ఆడవాళ్లు గంపలెత్తుకుని పరుగెత్తేవాళ్లు. నాన్న పడవైతే నేనూ పేజీ మడిచి లేచేదాన్ని.

పాలెంలో ఎవరైనా పోతే ఆరోజు ఎవరూ వేటకు పోరు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి.

సాయంత్రం ఫోన్‌లో ఆ పోల్ ట్రాఫిక్ గ్రాఫ్ చూశాను. పొద్దుటి నుంచీ గీత కదల్లేదు.

వదినను అడిగాను. పడవ దిగగానే అందరూ పోల్ కిందికి చేరి, వీడియో కాల్‌లో నెల్లూరు వ్యాపారులకు చేపలు చూపిస్తారట. వాళ్లు పోటీపడి ధర చెబుతారు. పోల్ లేకపోతే మళ్లీ ఒడ్డున గొడుగు కింద కూర్చునే దళారి ఒక్కడు చెప్పిందే ధర. ఆ గొడుగు ముందు నాన్న తల దించుకుని నిలబడటం నాకు గుర్తుంది.

నవంబర్ 8, శనివారం

గిరిబాబు గారితో చెప్పాను. జామ్ అయ్యేది పడవలు దిగే వేళ సర్, పీకొద్దు అన్నాను. మా పాలెం అని కూడా. ఆయన గ్రాఫ్ తెరిచి చూశారు. నీకూ నోరుందే అన్నారు. ఒడ్డుకు వేరే లైన్ వేసేదాకా చెరువుల వాళ్ల తిట్లు నన్నే తినమన్నారు.

సరే అన్నాను. సారీ అనలేదు.

నవంబర్ 19

పొద్దున లేని గాలి ఇప్పుడు ఉంది. మధ్యాహ్నం దాటినా పడవలు రాలేదు. కిషోర్ అన్న కూడా వేటకు వెళ్లినాడని వదిన ఫోన్‌లో ఏడుస్తోంది. గీత చదునుగా ఉంది. గిరిబాబు గారు వచ్చి వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతున్నారు.

"ఇంకా జామ్ కాలేదామ్మా?"

సాయంత్రం

జామ్. ఫోన్లు మోగుతున్నాయి. నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.