అమ్మ ఫోన్‌కు నెట్ రావాలి

జూన్ 3, మంగళవారం

అమ్మ ఫోన్‌కు ఈరోజు కూడా నెట్ లేదు. వైఫై గుర్తు కనిపిస్తుంది. వీడియో కాల్ మాత్రం కలవదు. ఫోన్ పాతదైపోయిందని జగదీశ్వర్ అన్న అన్నాడు. దసరాకు కొత్తది కొనిస్తాడట.

దసరా దాకా అమ్మ ఏం చేయాలి? తిరుమల అక్కకు పుట్టినప్పటి నుంచి వినపడదు, మాట రాదు. అమ్మకు చదవడం రాదు, మెసేజీలు పనికిరావు. ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. అక్క చేతులు కనబడాలి. అంతే.

నాన్న ఉద్యోగానికి కంపెనీ ఇచ్చిన మా క్వార్టర్ లోపలికి సిగ్నల్ సరిగా రాదు. మొబైల్ డేటా మీద కాల్ చేస్తే అక్క చేతులు సగం మాట దగ్గర గాల్లో ఆగిపోతాయి. అక్కకు తొమ్మిదో నెల.

జూన్ 5

నా ఫోన్‌లో కాల్ కలిపి అమ్మకిచ్చాను. అక్క మొదట అడిగింది, నా మీద కోపమా, ఎందుకు చేయట్లేదు అని. అమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. కాదు కాదు కాదు.

అప్పుడే అన్న లోపలికి వచ్చాడు. చూశాడు. వెళ్లిపోయాడు.

అక్క పోయిన ఏడు రవికాంత్ బావను చేసుకొని కొత్తగూడెం వెళ్లిపోయింది. బావకూ వినపడదు. వాళ్లది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, కులం వేరు. ఇక ఆమెకు ఈ ఇల్లు లేదన్నాడు అన్న. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకుందామని అమ్మ అంటే, ఆ ముచ్చటే ఎత్తద్దన్నాడు. నాన్న తల వంచుకొని తిన్నాడు. నాన్న ఇంట్లో ఎప్పుడూ అంతే.

ఒకటి రాయాలి. చిన్నప్పుడు అక్క సైగలు ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకున్నది అన్నే. అమ్మకూ నాకూ నేర్పింది అతనే. అలాంటి అన్నకు పెళ్లి సంగతి అక్క చెప్పలేదు. అదీ అతని బాధ. బాధ ఉంటే ఏడవాలి. అమ్మను ఏడిపించకూడదు.

జూన్ 6

ఈరోజు నా ఫోన్‌కూ నెట్ లేదు. నాది కొత్త ఫోన్.

జూన్ 8, ఆదివారం

బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర కూర్చొని యూట్యూబ్ చూశాను. ప్రతి ఫోన్‌కూ మోడెమ్ గుర్తుపట్టే నంబరు ఒకటి ఉంటుందట. ఆ నంబరును మోడెమ్‌లో బ్లాక్ చేస్తే వైఫై కలిసినట్టే ఉంటుంది, నెట్ రాదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ నంబరు మార్చుకోవచ్చట.

ఇంటికొచ్చి అమ్మ ఫోన్‌లో మార్చాను. నెట్ వచ్చేసింది!

ఫోన్ పాతది కాదు. అన్న బ్లాక్ చేశాడు. కన్నతల్లిని.

అమ్మకు చెప్పాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది, "అంటే నా బిడ్డ పిలుస్తుంటే వీడు తలుపు పెట్టిండన్నట్టు."

జూన్ 11

మళ్లీ పోయింది. ఇప్పుడు తాను ఒప్పుకున్న ఫోన్‌లకే నెట్ వచ్చేలా పెట్టాడు. నిలదీశాను. దాచలేదు. "మోడెమ్ పెట్టిచ్చింది నేను. ఎవలకు ఇయ్యాల్నో నాకెరుకనే."

అక్కకు ఉన్న మాట చేతులేనని, నువ్వు వాటిని కట్టేశావని అన్నాను. అతని ముఖం మారిపోయింది. "నాకు చెప్పకుంట పోయిననాడు లేవా దానికి చేతులు?"

అక్క చెప్పి ఉండాల్సిందే. అయినా ఊరుకోను.

జూన్ 12

సాయంత్రం అమ్మను క్వార్టర్ల వెనక గ్రౌండ్‌కు తీసుకెళ్లాను. అక్కడ సిగ్నల్ వస్తుంది. ప్రహరీ గోడ మీద ఫోన్ నిలబెట్టాను. అమ్మ కొంగు దోపుకొని, రెండు చేతులూ ఎత్తి మాట్లాడింది. పక్క క్వార్టర్ లస్మవ్వ, వాకింగ్‌కు వచ్చినవాళ్లు నిలబడి చూశారు. చూడనీ.

అన్న డ్యూటీ నుంచి వస్తూ బండి ఆపాడు. నలుగురిలో ఇజ్జత్ తీస్తున్నారన్నాడు. అమ్మ తల తిప్పలేదు. చేతులు ఆపలేదు.

డాక్టర్ ఏం చెప్పాడో అక్క చెప్పబోతుంటే వాన కొట్టింది. ఫోన్ కొంగులో చుట్టుకొని పరిగెత్తాం. రాత్రంతా అమ్మ అదే అడిగింది, ఏమని ఉంటుందే అని.

జూన్ 15, ఆదివారం

192.168.1.1 అని కొడితే మోడెమ్ సెట్టింగ్స్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ అడిగింది. అన్న ఎప్పుడో మార్చేశాడు. సరే. మోడెమ్ వెనక రీసెట్ అని చిన్న రంధ్రం ఉంది. అమ్మను పిన్నీసు అడిగాను. ఎందుకని అడగకుండా జాకెట్‌కున్నది తీసి ఇచ్చింది.

గుచ్చి పట్టుకున్నాను. లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగాయి, ఇంటర్నెట్ లైటు తప్ప. ఇప్పుడు ఇంట్లో ఎవరికీ నెట్ లేదు. అన్నకు కూడా. భయం వేసింది. కొంచెం సంతోషం కూడా.

కనెక్షన్ ఇచ్చిన కొమురెల్లి అన్నకు ఫోన్ చేశాను. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మళ్లీ ఎక్కించాలట. కనెక్షన్ నాన్న పేరు మీద ఉంది, పోశం కాక చెబితేనే ఇస్తానన్నాడు.

నాన్న అన్నం తింటున్నాడు. ఫోన్ ఆయన ముందు పట్టుకున్నాను. అన్న గదిలోంచి వచ్చి, "నాయినా, చెప్పకు" అన్నాడు.

నాన్న లేచి చేయి కడుక్కున్నాడు. తువ్వాలకు తుడుచుకున్నాడు. ఫోన్ తీసుకున్నాడు. "కొమురెల్లీ, నేను పోశంను. నా బిడ్డ ఏమడుగుతే అది ఇయ్యి."

తర్వాత అన్న వైపు తిరిగాడు. "ఈ క్వార్టర్ గూడ ఇంకా నా పేరు మీదనే ఉన్నది బిడ్డా."

నాన్న గొంతు ఇలా ఉంటుందని నాకు తెలియదు.

అదే రోజు, సాయంత్రం

ఐడీ ఎక్కించాను. పచ్చ లైటు వచ్చింది. వైఫైకి కొత్త పాస్‌వర్డ్ పెట్టి అందరికీ చెప్పాను, అన్నకు కూడా. సెట్టింగ్స్ పాస్‌వర్డ్ మాత్రం అతనికి చెప్పను. బ్లాక్ లిస్టు ఖాళీ. DHCP ఆన్‌లోనే ఉంచాను. ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోన్‌కూ మోడెమే ఒక అడ్రసు ఇస్తుంది. నీ కులం ఏంది, ఎవరిని చేసుకున్నవ్ అని అడగదు.

కలిసిన ఫోన్‌ల వరుసలో అన్నది కూడా కనిపించింది. పక్కనే బ్లాక్ అని బటన్. వేలు దాని మీదే ఉంది. చాలాసేపు ఉంది.

నొక్కలేదు. అతని మీద జాలితో కాదు. అతనిలా అవడం నాకు ఇష్టం లేదు.

జూన్ 17

అన్న నాతో మాట్లాడట్లేదు. మానేస్తే మానేయనీ. అమ్మ మాత్రం రోజూ అక్కతో మాట్లాడుతోంది; ఆ రోజు డాక్టర్ చెప్పింది, కాన్పు ఈ వారంలోనే అనట.

జూన్ 19

పాప పుట్టింది.

దవాఖాన నుంచి వీడియో. ఫోన్ అక్క అత్తగారు పట్టుకున్నారు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అక్క పాప గొంతు మీద అరచేయి ఆనించి చూసింది. తర్వాత ఆ చేత్తోనే అమ్మను అడిగింది, ఏడుపు ఎట్లా ఉంది?

అమ్మ కాసేపు విన్నది. చేతులెత్తి చెప్పింది.

అచ్చం నీదే.