కిటికీ గాడిలో పౌడరు

అన్నయ్యా,

రేపు నీ సంవత్సరీకం. ఈ సంగతి నీకే చెప్పాలి, ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు.

ఇంజనీరింగ్ కాలేజీ షెడ్డులో నువ్వు బాగుచేసిన పాత రెండు సీట్ల విమానం మళ్లీ ఎగరబోతోంది. దాని జరిపే కిటికీలకు నువ్వెప్పుడో వేసిన రబ్బరు ఎండి పగిలిపోయింది. కొత్తది వేసే పని నాకు అప్పజెప్పారు. పాత రబ్బరు గాడిలోంచి లాగుతుంటే గంధం పౌడరు వాసన గుప్పుమంది. నువ్వు పనిచేసిన రైల్వే వర్క్‌షాపులో పెట్టెల కిటికీలకైనా, దీనికైనా, అద్దం సులువుగా జరగాలని వదిన పౌడరు డబ్బా ఎత్తుకుపోయేవాడివి కదా.

నిన్న కొత్త రబ్బరు వేశాను. పౌడరు కోసం వదినను అడగడానికి నోరు రాలేదు. కుడివైపు అద్దం సగందాకా వచ్చి బిగుసుకుపోయింది. నువ్వుంటే "ఏట్రా, వట్టి రబ్బరేసినావా?" అని కసిరేవాడివి. ఎంత తోసినా కదలకపోతే విసుగొచ్చి, షెడ్డుకి తాళం వేసి వచ్చేశాను.

ఈ పొద్దున వెళ్లి వేలు ఆనించానో లేదో, అద్దం చివరిదాకా జారిపోయింది. వేలికి తెల్లగా ఏదో అంటింది. వాసన చూడక్కర్లేకపోయింది.

అట్నుంచి అటే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మీ ఇంటికి వెళ్లాను. వదిన బియ్యం ఏరుతోంది.

"నా పౌడరు డబ్బా నిన్నట్నుంచీ కనపడ్నేదు బాబూ. మీ అన్నే పట్టుకెళ్లిపోనాడేటో" అని నవ్వబోయి, ఆగిపోయింది.

నేను పౌడరు అంటిన చెయ్యి జేబులోంచి తీయకుండానే, రేపటికి ఏమేం తేవాలో అడిగాను.