సెయింట్ బార్నబాస్ గోడకు పెట్టిన సిమెంటు

లోమాక్స్ క్రీక్, వర్జీనియా
14 అక్టోబరు 2019

మనవరాలు మార్వాకు అమ్మమ్మ ఆశీస్సులు. నేను నిలబడే ఉన్నాను. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతాను.

బిషప్పు గారి ఉత్తరం శనివారం అందింది. నవంబరు 17 ఆదివారం మన సెయింట్ బార్నబాస్ చర్చిలో చివరి ఆరాధన. అది అయ్యాక, ఈ స్థలం ఇకమీదట దేవుని మందిరం కాదని ప్రార్థన చదువుతారు. సోమవారం గోడలు పడగొడతారు. ఆ ఆదివారం పంచే కాగితానికి చరిత్ర రాసి పంపమన్నావు. పంపుతున్నాను. ఒక్క అంకె కూడా మార్చకు.

చర్చి పొడవు ముప్పై నాలుగు అడుగులు, వెడల్పు ఇరవై. బానిసత్వం పోయిన ఆరో ఏట, 1871లో, మా ముత్తాత ఐజయా ఏటి మట్టితో ఇటుకలు చేసి, ఆల్చిప్పలు కాల్చిన సున్నంతో కట్టాడు. మంచి బట్టీ లేక ఇటుక సరిగా కాలలేదు, మెత్తగా ఉండిపోయింది. పైకొస మొనదేలిన కిటికీలు ఆరు. పైకప్పు లోపలి నుంచి బోర్లించిన పడవలా ఉంటుంది. నువ్వు ప్రసంగం వినకుండా దాని దూలాలు లెక్కపెట్టేదానివి. పదకొండు.

1986లో ఇటుకల సందుల్లో సున్నం రాలుతుంటే తాపీ మేస్త్రి క్లీవ్లాండ్ టాలీ దాన్ని గీకేసి సిమెంటు పెట్టాడు. అంతకుముందు గోడలోని తడి సున్నం గుండా ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి ఇటుకలోనే నిలిచి, ప్రతి చలికాలం గడ్డకట్టి, పెచ్చులు ఊడదీసింది. బలిపీఠం వెనక గోడ ఇప్పుడు ఏడు అంగుళాలు బయటికి ఒరిగింది. ఇది ఇక బాగయ్యేది కాదని ఇంజనీరు చెప్పినప్పుడు సంఘంలో మిగిలిన తొమ్మిది మందిమీ అక్కడే ఉన్నాం. "గోడా నేనా, ఎవరు ముందు పడతారో పందెం కాయండర్రా" అన్నాడు ముసలి హొరేస్. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఇదంతా టాలీ పొరపాటు వల్ల అని అచ్చులో స్పష్టంగా ఉండాలి. చర్చి కమిటీ పుస్తకంలో అలాగే ఉంది.

నీ అమ్మమ్మ,
ఓడెస్సా గిలియమ్

తా.క.: అంటించిన కవరు మళ్ళీ చింపాను. టాలీ పొరపాటు చేయలేదు. పని మొదలుపెట్టే రోజు అతను, "టీచరమ్మా, ఈ ఇటుక మెత్తన. దీనికి సున్నమే జోడీ. సిమెంటు పెట్టామా, నెమ్మదైన పిల్లని మొరటోడికి కట్టబెట్టినట్టే. ఏడ్చేది గోడే" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఏడో తరగతితో బడి మానేసినవాడు నాకు చెప్పడమా అని నాకు మండింది. "గోడల పెళ్ళిళ్ళు తర్వాత చూద్దువు గానీ, చెప్పిన పని చెయ్యి" అన్నాను. చేశాడు.

పదేళ్ళకు పెచ్చులు ఊడుతుంటే కమిటీ అతన్ని నిలదీసింది. అతను నా వైపు చూశాడు. కార్యదర్శిని నేను. తల వంచుకుని పుస్తకంలో అతని పేరు రాశాను. ఆ తర్వాత అతను చర్చికి రాలేదు. ఇప్పుడు ఏటి అవతల వేరే సంఘం వాళ్ళ, బాప్టిస్టుల, శ్మశానంలో ఉన్నాడు. ఇరవై మూడేళ్ళు నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెప్పినా గోడ నిలబడదు.

ఇక జరగవలసినవి:

1. టాలీ గురించి రాసింది కొట్టేసి, "మేస్త్రి వద్దన్నా ఓడెస్సా గిలియమ్ సిమెంటు పెట్టించింది" అని అచ్చువేయించు.
2. కమిటీ పుస్తకంలో అతని పేరు మీద ఒక్క గీత గీసి, పక్కన నా పేరు రాస్తాను. పాతది కనిపించాలి. నువ్వు సాక్షి సంతకం పెట్టాలి.
3. మొదటి కాగితం టాలీ కూతురు ఎర్నెస్టీన్‌కు మనిద్దరం తీసుకెళ్ళి ఇవ్వాలి. లోపలికి రమ్మనకపోతే గుమ్మం బయటే నిలబడదాం.
4. చర్చి పోయినా దాని శ్మశానం ఉంటుంది. అందులో ఖాళీగా మిగిలింది ఒక్క చోటే, నా పేరిట ఉంది. ఎర్నెస్టీన్ వాళ్ళ నాన్నను అక్కడికి తెచ్చుకుంటుందేమో అడుగు. వద్దంటే రెండోసారి అడగకు.