గడువు గడి

మార్చి 3, సోమవారం

నడవలేనివాళ్ళకి ఎరువిచ్చే వస్తువుల లెక్క రాసే లాంగ్ నోట్‌బుక్ నిండిపోయింది. ఇది నాలుగోది.

కొత్తది మొదలుపెట్టేలోగా సరుకు ఒకసారి సరిచూసుకున్నాను. వరండా పక్క స్టోర్ రూమ్‌లోవీ, బయట వాడకంలో ఉన్నవీ కలిపి ముప్పై ఒకటి. చక్రాల కుర్చీలు మూడు, వాకర్లు ఆరు, చంకకర్రలు ఏడు జతలు, మడత మంచాలు రెండు, మిగతావి చేతికర్రలు, బెడ్‌పాన్లు. మామయ్యగారు పోయాక ఆయన కుర్చీ ఊరికే పడి ఉండటం చూడలేక అత్తయ్య దాన్ని ఎదురింటివాళ్ళకి ఇచ్చింది. పదకొండేళ్ళ కిందటి మాట. వెళ్ళిన కుర్చీ ఒక వాకర్‌ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. అలా పెరిగాయి.

మొదటి నోట్‌బుక్ మొదటి పేజీలో, అత్తయ్య చెబుతుంటే రాసిన నియమం ఒక్కటే ఉంది: ఎప్పుడు తెస్తారని అడగకూడదు.

మార్చి 5, బుధవారం

మరిది వచ్చాడు. అయిదో నోట్‌బుక్‌కి గీతలు కొడుతుంటే చూసి, వదినా, వీటిని మ్యూజియంవాళ్ళు అడగలేదా ఇంకా, అన్నాడు. అతనిది కంప్యూటర్ల ఉద్యోగం. తన పాత లాప్‌టాప్ ఇస్తానన్నాడు. వస్తువులు ఎరువిచ్చే లెక్క కోసమే ఎవరో ఒక ప్రోగ్రాం రాసి, కోడ్‌తో సహా ఊరికే ఇస్తున్నారట. ఓపెన్ సోర్స్. ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. మన ఇంట్లోనే నడుపుకోవచ్చు, వివరాలు మన గడప దాటవు వదినా, అన్నాడు.

ఆ గడప మాట నచ్చింది. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో వేరే ఊళ్ళో కంపెనీకి ఎందుకు?

మార్చి 9, ఆదివారం

ఇన్‌స్టలేషన్. ఆరు గంటలు పట్టింది. అతను టైప్ చేసిన ప్రతి కమాండూ నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కంప్యూటర్ వచ్చిందే కాగితం వదిలించడానికి, నువ్వు దాని కోసమే కాగితం ఖర్చుపెడుతున్నావని వెక్కిరించాడు. వెక్కిరించుకోనీ. రేపు అది మొరాయిస్తే ఇతను ఆఫీసులో ఉంటాడు, నేను స్టోర్ రూమ్‌లో ఉంటాను.

సర్వర్, అంటే ఆ లాప్‌టాపే, ఇప్పుడు స్టోర్ రూమ్ పై అరలో, రెండు డబ్బాల మధ్య ఉంది. మావారు తొంగిచూసి, నా సాక్సుల జత ఎక్కడుందో కూడా చెబుతుందా అని అడిగారు. స్విచ్ మీద కాగితం అంటించాను: ముట్టుకోవద్దు. మావారి కోసమే.

మార్చి 10, సోమవారం

గదిలోవి నిన్ననే ఎక్కించాం. బయట ఉన్న వస్తువులు పద్నాలుగు. అన్నీ ఎక్కించాను. పేరు, ఫోన్, వస్తువు. గడువు అన్న గడి పక్కన ఎర్ర చుక్క ఉంది. అది నింపకపోతే సేవ్ కానంటోంది. ఖాళీ గడి చూస్తే నాకూ మనసొప్పదు. అన్నిటికీ ముప్పై రోజులు అని వేశాను. కింద ‘గుర్తుచేయి’ అన్న దగ్గర టిక్ కూడా పెట్టాను. పేజీ ఎంత శుభ్రంగా ఉందో.

మార్చి 18, మంగళవారం

ప్రోగ్రాంని తెలుగు చేయడం పూర్తయింది. రెండు వందల పన్నెండు వాక్యాలు. రోజుకి ముప్పై చొప్పున, కూర తరగడం అయ్యాక. మరీ ఆఫీసు కాగితంలా ఉందని మావారు అన్నారు. మర్యాదగా ఉందని నేనన్నాను.

మార్చి 26, బుధవారం

సర్వర్ పదిహేడు రోజులుగా ఆగకుండా నడుస్తోంది. మా ఇంట్లో ఇంకెవరూ అలా నడవరు.

ఏప్రిల్ 10, గురువారం. ఉదయం 6:40

తల తీసేసినట్టుంది. ఆరు గంటలకి పద్నాలుగు ఫోన్లకి మెసేజ్ వెళ్ళింది. ‘మీరు తీసుకున్న వస్తువు గడువు మించినది. వెంటనే వాపసు చేయవలెను.’

ఆ వాక్యం నాదే. నూట నలభై మూడోది.

మొదటి ఫోన్ వాకర్ తీసుకున్న కోడలు పిల్లది. అక్కా, మా అత్తగారిని చేతుల మీద నడవమంటారా అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ నాకు చెమట పట్టింది. విషయం అత్తయ్యకి చెప్పాను. నాకు పదకొండేళ్ళలో లేవని నోరు నీ డబ్బాకి నెల తిరిగేసరికే లేచిందే, అంది. ఆమె కోపంగా అని ఉంటే బావుండేది.

అదే రోజు, సాయంత్రం 5:30

పదమూడు మందికి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. పద్నాలుగో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. అది రిటైరైన పోస్ట్‌మాన్ గారిది. ఫిబ్రవరిలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. వ్యాయామం చేయించుకోవడానికి రోజూ మా చక్రాల కుర్చీలోనే క్లినిక్‌కి వెళ్తున్నారు.

తొమ్మిదిన్నరకి ఆయన భార్య గేటు దగ్గర ఉన్నారు. పిన్నిగారు అని పిలుస్తాను. నాలుగు వీధులు కుర్చీ తోసుకుంటూ వచ్చారు. చక్రాలు కడిగి ఉన్నాయి. సీటు చిరిగిన చోట సన్నగా కుట్టు వేసి ఉంది. ఎవరో ఎదురుచూస్తుంటారు కదమ్మా, మనమే ఉంచేసుకుంటే ఎలా, అన్నారు. పొరపాటు పిన్నిగారూ అంటున్నాను, వినలేదు. ఆయన ఒక్కరే ఉన్నారని వెంటనే వెనక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం కుర్చీ తీసుకుని నేనే వెళ్ళాను. పోస్ట్‌మాన్ గారు మంచం మీద ఉన్నారు. ఈరోజు క్లినిక్‌కి వెళ్ళలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక్క ఉత్తరం ఆలస్యం చేయలేదమ్మాయ్, కుర్చీ చేస్తానా, అన్నారు. తేదీ ఏమీ లేదు బాబాయిగారూ అన్నాను. లేకపోతే మెసేజ్ ఎలా వచ్చింది, నీ రిజిస్టర్‌లో ఉండబట్టే కదా, రాతలో ఉన్నది నోటితో కొట్టేస్తే ఎలా, అన్నారు.

నేనైనా అదే అనేదాన్ని.

ఒక రోజు వ్యాయామం మానితే కాలు రెండు రోజులు వెనక్కిపోతుందని డాక్టరు చెప్పారట. అది పిన్నిగారు గుమ్మం దాకా వచ్చి, ఆయనకి వినపడకుండా చెప్పారు. కుర్చీ వాళ్ళ వరండాలోనే వదిలి వచ్చాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

గడువు గడిలో 2099 డిసెంబరు 31 అని వేసి, ప్రింట్ తీసి పట్టుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. అప్పటికి నా వయసు నూట నలభై ఆరు, అప్పుడు నువ్వు తోసుకొస్తావా నేను తోసుకురావాలా, అన్నారు. తర్వాత నవ్వు ఆపి, దొంగ తేదీ వేసిన కాగితం నా చేత్తో ముట్టుకోనమ్మాయ్, అన్నారు.

వెనక్కి వస్తుంటే నాకు సిగ్గేసింది. ఇంతకుముందు నేను మాత్రం ఎప్పుడు వేశాను దొంగ తేదీ?

గడి నింపడం కాదు, గడే తీసేయాలి.

ఏప్రిల్ 12, శనివారం

కోడ్ తెరిచాను. చదవగా చదవగా ఇంకొకరి నోట్‌బుక్ లాగే ఉంది. రాసినవాడు పద్ధతి గలవాడు. ఎక్కడికక్కడ ఎందుకు చేశాడో రాసి పెట్టాడు. గడువు ఖాళీగా ఉండకూడదని శాసించే వరుస పదకొండున్నరకి దొరికింది. తీసేశాను.

పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. ముప్పై ఒక్క వస్తువులూ మాయం.

మరిదికి ఫోన్ చేశాను. వదినా, మెసేజ్ పంపే కోడ్ ముక్క తేదీ కోసం తడుముకుని బోర్లా పడి ఉంటుంది, రేపు ఆదివారం వచ్చి చూస్తాలే, అన్నాడు. రేపటిదాకా ఆగను అన్నాను. ప్రతి రాత్రి పనులయ్యాక బ్యాకప్ తీసి, కుట్టుమిషన్ సొరుగులో దాస్తున్న పెన్‌డ్రైవ్ తెచ్చాను. నా నోట్‌బుక్‌లోని కమాండ్లు ఒక్కొక్కటే కొట్టాను. పద్నాలుగో కమాండ్‌కి అన్నీ తిరిగొచ్చాయి.

అన్నం మాడింది. అందరూ పెరుగు ఎక్కువ వేసుకుని తిన్నారు.

ఏప్రిల్ 13, ఆదివారం

అయింది. గడువు లేకపోతే మెసేజ్ పంపే ముక్క ఆ మనిషి జోలికి పోకూడదు. అంతే, రెండు వరుసలు. గడువు అని ఉన్నచోట ఇప్పుడు ‘అవసరం తీరేదాకా’ అని కనిపిస్తుంది. ఉదయమే వచ్చిన మరిది చూసి, కాఫీ నేను పెడతాను వదినా, అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

ప్రింట్ కాదు, లాప్‌టాపే పట్టుకెళ్ళాను. పోస్ట్‌మాన్ గారు పేజీ పైనుంచి కింద దాకా రెండుసార్లు చదివారు. తేదీ వేసే చోటేదీ అని అడిగారు. లేదు, తీసేశాను అన్నాను. ఎవరికీ లేదా అని అడిగారు. ఎవరికీ లేదు. నాకొక్కడికే తీశావంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, అని పిన్నిగారి వైపు చెయ్యి చాపారు, లేవదీయమని.

పది గంటలకి క్లినిక్‌కి వెళ్ళారు. నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగూ నా ఖాతాలోవే.

అత్తయ్యకి చెప్పాను. డబ్బాకి ఇప్పుడు బుద్ధొచ్చిందా అంది. నాకొచ్చింది అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

నేను చేసిన మార్పును ప్రోగ్రాం రాసినతనికి పంపాను. అతని పేరు తెలియదు, ఫోటో ఉండాల్సిన చోట గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. ఈరోజు జవాబొచ్చింది. గడువు లేకుండా ఇస్తే వస్తువులు తిరిగి రావు కదా అని అడిగాడు.

నాలుగు నోట్‌బుక్‌లూ ముందేసుకున్నాను. పదకొండేళ్ళు. రెండు వందల ఆరుసార్లు ఇచ్చాం. రానివి రెండు. అడక్కుండా అదనంగా వచ్చినవి ముప్పై రెండు. అంతే రాసి పంపాను.

మే 4, ఆదివారం

గుడ్లగూబ ఒప్పుకున్నాడు. వచ్చే వెర్షన్‌లో గడువు గడి పక్కన ఎర్ర చుక్క ఉండదు. ఎక్కడెక్కడివాళ్ళో వాడే ప్రోగ్రాం. మార్పు చేసినవారి జాబితాలో నా పేరు కూడా ఉంది. మావారు దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి ఆఫీసులో అందరికీ చూపించారట. సాక్సులు ఇంకా దొరకలేదు.

జూన్ 14, శనివారం

ఉదయం గేటు స్తంభం పక్కనుంచి ముందు కుర్చీ కనిపించింది. ఖాళీగా. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

తర్వాత దాన్ని తోస్తున్న రెండు చేతులు. తర్వాత పోస్ట్‌మాన్ గారు, నడుస్తూ.

కుర్చీ వాపసు వచ్చిన తేదీ ఆయన చేతే కొట్టించాను. ఒక్క వేలితో కొట్టి, గోడ మీది క్యాలెండరు చూసి సరిపోల్చుకున్నారు.