కరుణా, నీ డేనియల్ ఇంకా రాలేదు

కరుణా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి ఈ రోజుకు ఏడాది. శుక్రవారం కూడా కావడంతో మన ఉక్కు ఫ్యాక్టరీ సెక్టార్ ఆడవాళ్లంతా ప్రార్థనకు మన క్వార్టర్‌కే వచ్చారు. ప్రార్థన ముగిశాక ఎవరూ లేవలేదు. వారం వారం నువ్వు ఇంగ్లీషు నవల చేతిలో పెట్టుకుని తెలుగులో చెప్పిన కథ సగంలోనే ఆగిపోయింది కదా.

"పెద్దమ్మా, ఆ డేనియలు ఏటయ్యాడు? ఇంకా సిఫ్టు దిగలేదేటి?" అంది చేపలమ్మే అప్పలకొండ. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. సముద్రం మీద చేపల వేటకెళ్లిన ఆమె పెనిమిటి ఆచూకీ ఇంతవరకు లేదు.

వీళ్లు అడుగుతారనే రెండు నెలలు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. కళ్లు అలిసిపోయాయి. అడవి కొట్టి ఊరు కట్టుకునే జనం కథ అది; అందులో డేనియల్ మూడో అధ్యాయంలోనే మంచులో చనిపోయాడు. అతని కోసం ఎదురుచూసిన పిల్ల పాస్టరును పెళ్లాడింది. డేనియల్ రాసినట్టు నువ్వు చదివి వినిపించిన ఉత్తరాల్లో ఒక్కటీ పుస్తకంలో లేదు. నువ్వు మూడో అధ్యాయం చెప్పిన వారమే, పెనిమిటి తిరిగిరాని అప్పలకొండ మొదటిసారి మన గుమ్మంలో కూర్చుంది. నాకది ఇప్పుడు గుర్తొచ్చింది.

అబద్ధమాడటం నాకు చేతకాదని నీకు తెలుసు. పుస్తకం మూసి, "మా చెల్లి చెప్పినంతవరకు అతను దారిలోనే ఉన్నాడు" అన్నాను.

"అయితే వచ్చే శుక్రారం వత్తాను" అని అప్పలకొండ గంప ఎత్తుకుంది.

వచ్చే శుక్రవారం ఆమెకు ఏం చెప్పాలో ప్రభువును అడగడానికి, వాళ్లు వెళ్లాక మళ్లీ మోకరించాను.

అక్క