నాన్న రాతకు వర్డ్ ఫైలు

బాపట్ల అన్నయ్యకు,

నాన్న చేత్తో రాసిన వీలునామాకి ఫోటో తీసి పంపాను కదా. దాన్ని వర్డ్ ఫైలు చేయించి పంపమని రోజూ ఫోనులెందుకు? నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణే. అయినా తెనాలిలో డీటీపీ షాపు అమ్మాయిని అడిగాను. "ఫోటోలో అక్షరం మారదు బాబాయ్, వర్డులో అయితే ఎవరి పేరైనా మార్చుకోవచ్చు" అంది. రేపల్లె ఇల్లు చెల్లికని నాన్న రాస్తే నీకంత కడుపుమంటా?

అడిగావు కాబట్టి ఫైలు పంపుతున్నాను. ఒక్క మార్పు చేయించాను. నీకు రాసిన చుండూరు పొలం కూడా చెల్లి పేరునే పెట్టించాను. చదవగానే గుండె ఝల్లుమందా? నువ్వు ఇంటి దగ్గర పేరు మారిస్తే చెల్లికీ అలాగే ఉంటుంది.

అసలు కాగితం చెల్లి బైబిల్లో ఉంది. కావాలంటే రేపల్లె వచ్చి, చెల్లి ఎదురుగా కూర్చుని పైకి చదువు.

నీ తమ్ముడు